ఒకే పాఠమా, రెండు కథనాలా? పొరుగువారితో కలిసిన చరిత్రను బడిలో చెప్పడానికి ఏది మేలు?

సొంత దేశపు పాఠ్యపుస్తకం ఒక్కటే చదివే విద్యార్థికి పొరుగుదేశం చాలావరకు యుద్ధాల అధ్యాయంలోనే, అదీ శత్రువుగానే ఎదురవుతుంది. ఈ చిక్కు విప్పడానికి జరిగిన ప్రయత్నాలలో రెండింటిని పోల్చి చూడడం అవసరమని నా అభిప్రాయం.

మొదటిది ఫ్రాన్స్, జర్మనీల ఉమ్మడి పుస్తకం. రెండు దేశాల మైత్రికి 1963లో కుదిరిన ఎలిజే ఒప్పందానికి 40 ఏళ్లు నిండిన సందర్భంగా 2003 జనవరిలో బెర్లిన్‌లో సమావేశమైన రెండు దేశాల యువత దీన్ని కోరింది. 2006, 2008, 2011లలో మూడు సంపుటాలు రెండు భాషలలోనూ ఒకే విషయంతో వెలువడ్డాయి. రచయితలు యుద్ధాల గురించి కంటే 1945 తరువాత అమెరికా పాత్ర గురించి, కమ్యూనిజం గురించి ఎక్కువగా విభేదించారు. ఆ తేడాలను కప్పిపుచ్చకుండా పుస్తకంలోనే చూపించడం నాకు ఎంతో నచ్చిన సంగతి. అయితే 1951 నాటికే ఇరు దేశాల చరిత్రకారులు వివాదాస్పద అంశాలపై ఒక అంగీకారానికి వచ్చి ఉన్నారు. కాబట్టి ఈ పుస్తకం వల్ల సఖ్యత కలిగిందనడం కంటే, సఖ్యత కుదిరాక పుస్తకం వచ్చిందనడమే నిజానికి దగ్గర.

రెండవది యుద్ధం ముగియని చోట జరిగిన ప్రయత్నం. ఇజ్రాయెల్ మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ బార్-ఆన్, పాలస్తీనా విద్యావేత్త సామి అద్వాన్ నాయకత్వంలో, రెండో ఇంతిఫాదా, అంటే పాలస్తీనీయుల తిరుగుబాటు, రక్తపాతం సాగుతున్న ఏళ్లలోనే, రెండు వైపుల ఉపాధ్యాయులు కూర్చుని పాఠాలు రాశారు. పేజీలో ఒక పక్క ఇజ్రాయెల్ కథనం, మరో పక్క పాలస్తీనా కథనం, విద్యార్థి తన మాట రాసుకోవడానికి ఖాళీ జాగా. 1948 ఒక పక్క స్వాతంత్ర్య యుద్ధం, మరో పక్క నక్బా, అంటే మహావిపత్తు. ఈ పుస్తకాన్ని ఒక బడిలో వాడుతున్నారని తెలిసి 2010లో ఇజ్రాయెల్ విద్యాశాఖ అడ్డుకుంది.

ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. ఒక్కో జాతికి ఒక్కటే గొంతు ఉందన్న భ్రమ కలగవచ్చు. 1948లో పాలస్తీనా ఊళ్లు ఖాళీ అయ్యాయా లేదా అన్న రుజువు చేయదగిన వాస్తవం కూడా ఎవరి అభిప్రాయం వారిదన్నట్టు తోచవచ్చు. అయినా గాయం ఆరని చోట నేను దీనినే మేలంటాను, ఎందుకంటే అంగీకారం కుదిరేదాకా ఆగితే ఈలోపు ఒక తరమంతా ఎదుటివారి మాట వినకుండానే బడి దాటిపోతుంది.

మన 1948 సెప్టెంబరు 17 సంగతే చూడండి. 2022లో ఆ రోజును కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగా, తెలంగాణ ప్రభుత్వం సమైక్యతా దినంగా వేర్వేరుగా జరిపాయి. రజాకార్ల దాడులకు గురైన పల్లె, సైనిక చర్య తరువాత హతమైన ముస్లిం కుటుంబాలు, 1951 దాకా పోరాడిన సాయుధ రైతులు, ఈ ముగ్గురి మాటా ఒకే పేజీలో పట్టాలంటే రెండు కథనాలు చాలవు. ఆ పేజీకి కనీసం మూడు కావాలి, పక్కన విద్యార్థి రాసుకునే ఖాళీ జాగా కూడా ఉండాలి.