కొల్లా-ఆన్సిబుల్‌తో ప్రైవేట్ క్లౌడ్: లినక్స్ సర్వర్‌ను ముందుగా ఎలా సిద్ధం చేయాలి? దీర్ఘకాల వినియోగం తర్వాత సమీక్ష

సొంత సర్వర్ల మీద క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్‌స్టాక్‌తో ప్రైవేట్ క్లౌడ్‌ను నిలబెట్టడానికి కొన్నేళ్ళుగా నేను కొల్లా-ఆన్సిబుల్ అనే ఆటోమేటిక్ ఇన్‌స్టాలేషన్ సాధనాన్నే వాడుతున్నాను. ఒకే యంత్రం మీద నడిచే ప్రయోగాత్మక వ్యవస్థల నుంచి మూడు కంట్రోలర్లతో (క్లౌడ్‌ను నియంత్రించే సర్వర్లు) నిత్యం పనిచేసే క్లస్టర్ల వరకు, అన్నీ ఉబుంటు సర్వర్ మీదే. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ సాధనం చాలా మంచిది, అయితే దాని చేతికి అందించే లినక్స్ సర్వర్ ఎంత శ్రద్ధగా తయారైందో దాని ఫలితం కూడా అంతే బాగుంటుంది. డిప్లాయ్ (సేవలను సర్వర్ల మీద అమర్చే) ఆదేశం మధ్యలో ఆగిపోయిన సందర్భాలను తరచి చూస్తే, తప్పు ఓపెన్‌స్టాక్‌లో కన్నా దాని కింద ఉన్న డిస్కులోనో, నెట్‌వర్క్‌లోనో బయటపడటమే ఎక్కువ.

2010లో రాక్‌స్పేస్, నాసా కలిసి మొదలుపెట్టిన ఓపెన్‌స్టాక్ ఒకే ప్రోగ్రామ్ కాదు. కీస్టోన్ (గుర్తింపు), నోవా (వర్చువల్ మెషీన్లు), న్యూట్రాన్ (నెట్‌వర్క్), గ్లాన్స్ (ఇమేజ్‌లు), సిండర్ (డిస్కు నిల్వ) వంటి సేవలు, వాటికి ఆధారంగా మరియాడీబీ డేటాబేస్, సందేశాలు చేరవేసే రాబిట్‌ఎంక్యూ, అభ్యర్థనలను పంచే హెచ్‌ఏప్రాక్సీ ఉంటాయి. వీటన్నిటినీ చేత్తో ఇన్‌స్టాల్ చేసినవారికి ఒక ప్యాకేజీ మరో ప్యాకేజీతో ఎలా తగవు పడుతుందో తెలిసే ఉంటుంది. కొల్లా ప్రతి సేవనూ ఒక కంటైనర్‌లో (విడి పెట్టెలాంటి వాతావరణం) పెడుతుంది, ఆన్సిబుల్ ఆ కంటైనర్లను నోడ్‌లకు, అంటే క్లస్టర్‌లోని సర్వర్లకు, చేరుస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇన్‌స్టాల్ చేయడం మాత్రం దాని పని కాదు, ఆ బాధ్యత పూర్తిగా మనదే.

డిస్కుతో మొదలుపెడతాను. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌లో ఎల్‌వీఎం (డిస్కును మార్చుకోగలిగే భాగాలుగా పంచే పద్ధతి) అమరికను ఉన్నదున్నట్లు అంగీకరిస్తే, పెద్ద డిస్కులో కూడా రూట్ విభాగానికి కొంత భాగమే దక్కుతుంది, మిగిలినది కేటాయింపు లేకుండా పడి ఉంటుంది. మరోవైపు కొల్లా లాగ్‌లు, కంటైనర్లను నడిపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్ వాల్యూమ్‌లోనే పేరుకుంటాయి. సెఫ్ వంటి ఉమ్మడి నిల్వ లేకపోతే వర్చువల్ మెషీన్ల డిస్కులు కూడా అక్కడికే చేరతాయి. అందుచేత డాకర్ డైరెక్టరీకి విడిగా ఒక లాజికల్ వాల్యూమ్ ఇవ్వడం తప్పనిసరి అని నేను భావిస్తాను. అది నిండినా రూట్ విభాగం నిలిచి ఉంటుంది కనుక సర్వర్‌లోకి లాగిన్ అయి సరిచేయగలుగుతాం. సిండర్‌ను ఎల్‌వీఎం మీద నడపదలిస్తే దానికి కావలసిన వాల్యూమ్ గ్రూప్‌ను కూడా ఇప్పుడే సృష్టించాలి.

అసలు శ్రమ నెట్‌వర్క్ దగ్గర ఉంటుంది. కొల్లా-ఆన్సిబుల్ కనీసం రెండు ఇంటర్‌ఫేస్‌లు అడుగుతుంది. ఒకటి నిర్వహణకు, రెండవది న్యూట్రాన్ బయటి నెట్‌వర్క్‌కు. ఈ రెండవదానికి ఐపీ చిరునామా ఉండకూడదు, కానీ లింకు లేచి ఉండాలి. న్యూట్రాన్ దానిని వంతెనలో (వర్చువల్ స్విచ్) చేర్చుకున్న తర్వాత దాని మీద ఉన్న చిరునామా పనిచేయదు. ఆ చిరునామాతోనే ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) అయి ఉంటే సెషన్ తెగిపోతుంది. వేర్వేరు తయారీ యంత్రాలు కలిసి ఉన్నచోట ఇంటర్‌ఫేస్‌ల పేర్లు కూడా వేర్వేరుగా వస్తాయి. ఇన్వెంటరీలో (నోడ్‌ల జాబితా ఫైలు) ఒక్కో నోడ్‌కు విడిగా పేరు రాసే వీలున్నా, ఉబుంటు నెట్‌వర్క్ అమరిక అయిన నెట్‌ప్లాన్‌లో మ్యాక్ చిరునామా ఆధారంగా అన్ని సర్వర్లకూ ఒకే పేరు స్థిరపరచడమే నాకు నచ్చిన పద్ధతి. కొత్త నోడ్ చేర్చినప్పుడల్లా దాని విలువ తెలుస్తుంది.

కంట్రోలర్లన్నీ పంచుకునే వర్చువల్ ఐపీ కోసం నిర్వహణ నెట్‌వర్క్ సబ్‌నెట్‌లోనే ఎవరూ వాడని చిరునామాను కేటాయించాలి, డీహెచ్‌సీపీ పరిధి నుంచి దానిని తప్పించాలి. ఒకే నెట్‌వర్క్‌లో రెండు క్లస్టర్లు ఉంటే ఆ ఐపీని నోడ్‌ల మధ్య మార్చే కీప్‌అలైవ్‌డీ రౌటర్ ఐడీ రెండింటిలోనూ డిఫాల్ట్ విలువ 51గానే ఉండిపోయి, వాటి మధ్య ఘర్షణ వస్తుంది. రెండవ క్లస్టర్‌కు ఆ అంకె మార్చాలి.

ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ లోపం డిప్లాయ్ అంతా విజయవంతంగా ముగిసిన తర్వాతే బయటపడుతుంది. వర్చువల్ నెట్‌వర్క్‌లను మోసే వీఎక్స్‌ల్యాన్ తన వంతుగా 50 బైట్లు తీసుకుంటుంది. అందువల్ల భౌతిక నెట్‌వర్క్ ఎంటీయూ 1500 అయితే వర్చువల్ మెషీన్‌కు 1450 మాత్రమే మిగులుతుంది. లోపల కూడా పూర్తి 1500 కావాలని జంబో ఫ్రేములు (పెద్ద ఎంటీయూ) పెట్టి, మధ్యలో ఒక్క స్విచ్ పోర్టును వదిలేస్తే లక్షణాలు విచిత్రంగా ఉంటాయి: పింగ్ వెళుతుంది, ఎస్‌ఎస్‌హెచ్ మొదలవుతుంది, పెద్ద ఫైలు పంపగానే అంతా బిగుసుకుపోతుంది. కనుక ఎంటీయూ 9000 పెట్టిన ప్రతి రెండు నోడ్‌ల మధ్యా, ముక్కలు చేయవద్దన్న షరతుతో 8972 బైట్ల పింగ్ పంపి చూడాలి. మిగిలిన 28 బైట్లు ఐపీ, ఐసీఎంపీ హెడర్లకు పోతాయి. ఈ పరీక్ష కొల్లా చేయదు. నేను దానిని చిన్న ప్లేబుక్‌గా (ఆన్సిబుల్ పనుల జాబితా) రాసి, డిప్లాయ్‌కు ముందు ప్రతిసారీ నడుపుతాను.

కొల్లా చేసే పరీక్షలు మాత్రం ఎంతో మెచ్చుకోదగినవి. బూట్‌స్ట్రాప్-సర్వర్స్ ఆదేశం డాకర్‌ను ఇన్‌స్టాల్ చేసి, హోస్ట్స్ ఫైలులో నోడ్‌ల పేర్లు చేర్చి, ఉబుంటు పెట్టే 127.0.1.1 వరుసను తొలగిస్తుంది. ఆ తర్వాత ప్రీచెక్స్ ఆదేశం పోర్టులు ఖాళీగా ఉన్నాయా, గడియారం సమన్వయంలో ఉందా అని చూస్తుంది. రాబిట్‌ఎంక్యూ కోసం ప్రతి నోడ్ పేరూ ఏపీఐ ఇంటర్‌ఫేస్ చిరునామాకే దారి తీస్తోందా అని కూడా పరిశీలిస్తుంది. ఏదో ఒకటి తప్పితే ఎర్ర అక్షరాలతో అక్కడే ఆగుతుంది. ఆ ఎర్ర వరుసను దాటవేసి ముందుకు వెళ్ళడం ఎప్పటికీ మంచిది కాదు. గడియారాల కోసం క్రోనీ అనే సమయ సమన్వయ ప్రోగ్రామ్‌ను మనమే అమర్చుకోవాలి. సెఫ్ వాడేవారు దీని మీద మరింత శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే మానిటర్ల మధ్య 0.05 సెకన్ల తేడా వచ్చినా అది హెచ్చరిక ఇస్తుంది.

డిప్లాయ్ చేసే యంత్రంలో ఆన్సిబుల్‌ను పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోనే ఉంచాలి. ప్రతి విడుదలా నిర్ణీత ఆన్సిబుల్ వెర్షన్లనే అంగీకరిస్తుంది కనుక సిస్టమ్ ప్యాకేజీ మీద ఆధారపడితే ఒకనాడు చిక్కు తప్పదు. పాస్‌వర్డ్‌ల ఫైలు సాదా అక్షరాల్లో ఉంటుంది. దానిని ఆన్సిబుల్ వాల్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, మిగతా కాన్ఫిగరేషన్‌తో పాటు గిట్‌లో ఉంచడం నా అలవాటు. నడుస్తున్న క్లౌడ్‌కు ఆ ఫైలు లేకపోతే రీకాన్ఫిగర్ కూడా సాధ్యం కాదు.

ఇక ఆటోమేటిక్ అప్‌డేట్లు. సర్వర్‌లో డాకర్ ప్యాకేజీ దానంతటదే కొత్త వెర్షన్‌కు మారితే డాకర్ మళ్ళీ మొదలై, ఆ నోడ్‌లోని కంటైనర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయే ప్రమాదం ఉంది. మూడు కంట్రోలర్లలోనూ ఒకే సమయంలో అలా జరిగితే మరియాడీబీని నోడ్‌ల మధ్య నకలుచేసే గలేరా క్లస్టర్ కోరం (అవసరమైన మెజారిటీ) కోల్పోతుంది. అప్పుడు మరియాడీబీ రికవరీ ఆదేశం ఆదుకుంటుంది, నిజమే, కానీ డాకర్ ప్యాకేజీని ముందే హోల్డ్‌లో పెట్టి, ఒక్కో నోడ్‌ను వరుసగా మనమే మార్చుకుంటే ఆ అవసరమే రాదు.

లోపాలు కూడా ఉన్నాయి. విఫలమైన టాస్క్ వదిలే సందేశం పొడవైన జేసన్ ముద్దలా ఉంటుంది, అందులో అసలు కారణం ఎక్కడుందో కొత్తవారికి అంతుపట్టదు. చిన్న మార్పుకు కూడా పూర్తి పరుగు చాలా సమయం తీసుకుంటుంది, కొన్ని సేవలనే ఎంచుకునే ట్యాగ్‌లు వాడడం నేర్చుకుంటే కొంత ఉపశమనం. ఆరు నెలలకొకసారి వచ్చే ఓపెన్‌స్టాక్ విడుదలలను వెంబడించడం చిన్న బృందాలకు భారమే. 2023.1 విడుదల నుంచి అమలైన స్లర్ప్ విధానం ఏడాదికొకసారి మాత్రమే అప్‌గ్రేడ్ చేసే వీలు కల్పించడం నాకు పెద్ద ఊరట.

లినక్స్ నెట్‌వర్కింగ్, ఎల్‌వీఎం, ఆన్సిబుల్ మీద పట్టున్న బృందానికి దీనిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఆ పట్టు ఇంకా రానివారు 8 జీబీ మెమరీ, 40 జీబీ డిస్కు, రెండు ఇంటర్‌ఫేస్‌లు ఉన్న ఒక్క యంత్రం మీద ఆల్-ఇన్-వన్ ఇన్వెంటరీతో మొదలుపెట్టి, దానిని కావాలని పడగొట్టి మళ్ళీ నిలబెట్టాలి. రెండవసారి సర్వర్‌లో చేత్తో సరిదిద్దవలసిన విషయం ఏదైనా మిగిలితే, దానిని ప్లేబుక్‌లోకి ఎక్కించిన తర్వాతే మూడు కంట్రోలర్ల జోలికి వెళ్ళాలి.