ల్యాంబ్డా క్వాలిఫయర్: వెర్షన్ నంబరు మానేసి ఏలియాస్ పట్టుకోండి

సర్వర్ మనం చూసుకోకుండా కోడ్ నడిపే అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ ల్యాంబ్డాలో వెర్షన్లు (నంబరు వేసి దాచిన కోడ్ ప్రతులు), ఏలియాస్‌లు (ఏదో ఒక వెర్షన్‌ని చూపించే, మార్చుకోగల పేర్లు) 2015లో వచ్చాయి. ఫంక్షన్‌ని పిలిచే ఇన్వోక్ కాల్‌లో, ఏ వెర్షన్ నడవాలో చెప్పే క్వాలిఫయర్ పారామీటర్‌కి నంబరైనా ఇవ్వొచ్చు, ఏలియాస్ పేరైనా ఇవ్వొచ్చు. చాలాకాలం రెండూ వాడాక చెబుతున్న మాట: నంబరు ఇచ్చే పద్ధతిని పూర్తిగా ఆపేయాలి.

వెర్షన్లతో పేచీ లేదు. పబ్లిష్ చేశాక కోడ్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అలాగే ఉండిపోతాయి, అది చాలా మంచి గుణం. ఆ నంబరు పిలిచేవాళ్ల కోడ్‌లో ఉంటేనే చిక్కు. ప్రతి రిలీజ్‌కీ వాళ్లందరూ మళ్లీ డిప్లాయ్ చేయాలి. ఏలియాస్ ఉంటే వెనక్కి వెళ్లడానికి ఒక్క అప్‌డేట్ కమాండ్ చాలు.

మార్చేటప్పుడు అసలు ప్రమాదం ఒకటుంది. "ఈ పారామీటర్ తీసేస్తున్నాం" అని చెబితే కొందరు క్వాలిఫయర్‌ని ఖాళీగా వదిలేస్తారు. ఎర్రర్ ఏమీ రాదు, కాల్ నేరుగా డాలర్ లేటెస్ట్‌కి ($LATEST) పోతుంది, అంటే ఇంకా పబ్లిష్ చేయని కోడ్‌కి. అందుకే "తీసేయండి" అనకుండా "వెర్షన్ నంబరు 7 బదులు లైవ్ అనే ఏలియాస్ పెట్టండి" అని రాయాలి. ఏఆర్ఎన్ (ఏడబ్ల్యూఎస్‌లో ఫంక్షన్ పూర్తి చిరునామా) చివర 7 ఉంచి క్వాలిఫయర్‌లో లైవ్ ఇస్తే మాత్రం రెండూ కలవడం లేదని ఎర్రర్ వస్తుంది. అది నయం, వెంటనే తెలిసిపోతుంది.

ఎక్కువ సమయం తినేది పర్మిషన్లే. పిలిచేవాళ్ల ఐఏఎం పాలసీలో (ఎవరు ఏం చేయొచ్చో చెప్పే ఏడబ్ల్యూఎస్ నియమాల్లో) క్వాలిఫయర్ లేని ఏఆర్ఎన్ ఒక్కటే ఉంటే ఏలియాస్‌తో చేసిన కాల్‌ని తిరస్కరిస్తుంది. వెబ్ రిక్వెస్ట్‌లని ల్యాంబ్డాకి అందించే ఏపీఐ గేట్‌వేకి కూడా యాడ్-పర్మిషన్ కమాండ్‌లో క్వాలిఫయర్‌గా లైవ్ ఇచ్చి విడిగా అనుమతి పెట్టాలి. గేట్‌వేలో స్టేజ్ వేరియబుల్‌తో (ఒక్కో డిప్లాయ్‌మెంట్ స్టేజ్‌కి ఇచ్చే సెట్టింగ్‌తో) ఏలియాస్ ఇస్తే ఆ అనుమతిని కన్సోల్ దానంతటదే పెట్టదు, క్లయింట్‌కి 500 కనిపిస్తుంది.

ఇంకా నంబరుతో కాల్స్ వస్తున్నాయేమో ఏడబ్ల్యూఎస్ మానిటరింగ్ సేవ క్లౌడ్‌వాచ్‌లో చూడొచ్చు. ఇన్వొకేషన్స్ మెట్రిక్‌ని రిసోర్స్ డైమెన్షన్‌తో తెరిస్తే నంబరుకీ ఏలియాస్‌కీ వేర్వేరు గీతలు వస్తాయి. నంబరు గీత సున్నాకి వచ్చినా నెలాఖరు జాబ్‌లు ఒకసారి నడిచేదాకా ఆగండి.

ఒకే ఏలియాస్‌కి వచ్చే కాల్స్‌ని వెర్షన్ల మధ్య పంచే వెయిటెడ్ రూటింగ్ బాగుంది: కొత్త వెర్షన్‌కి ముందు 5 శాతం, తర్వాత మిగతాది. రెండు వెర్షన్లకే పరిమితం, రెండిటికీ ఒకే ఎగ్జిక్యూషన్ రోల్ (ఫంక్షన్ నడిచేటప్పుడు వాడే అనుమతులు) ఉండాలి, డాలర్ లేటెస్ట్ అందులో చెల్లదు.

పాత వెర్షన్లు డిలీట్ చేసేముందు ఆ వెయిట్లు చూడండి. ఏ ఏలియాస్ అయినా చూపిస్తున్న వెర్షన్‌ని ల్యాంబ్డా తీయనివ్వదు.