గ్రాండ్ రాపిడ్స్‌లో ఒక చిన్న గ్లాసు స్టౌట్

స్టౌట్ అంటే బాగా వేయించిన గింజలతో కాచే నల్లటి బీరు. బర్బన్ అనే అమెరికన్ విస్కీ పీపాల్లో ఊరబెట్టిన స్టౌట్‌ని అది తయారయ్యే ఊళ్ళోనే తాగాలని నాకు చాలా ఏళ్ళ కోరిక. అందుకే షికాగోలో మూడు రోజులు తిరిగాక నేనూ మా తమ్ముడూ ఆమ్‌ట్రాక్ రైల్లో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌కి బయల్దేరాం. నేరుగా వెళ్ళే రైలు రోజుకి ఒక్కటే. ఎక్కేది సాయంత్రం, ప్రయాణం నాలుగు గంటలు. అక్కడి గడియారం షికాగో కంటే ఒక గంట ముందుంటుంది కాబట్టి దిగేసరికి అర్ధరాత్రి కావస్తుంది. తిరుగు రైలేమో తెల్లవారుజామున.

ఈ లెక్క నేను ముందే చూసుకోవాల్సింది. రేటు తక్కువని హైవే పక్కన హోటల్ బుక్ చేశాను. రాత్రి స్టేషన్‌కి వ్యాన్ పంపిస్తామన్నారు. దిగాక ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. చలిలో నలభై నిమిషాలు నిలబడి, చివరికి ట్యాక్సీలో వెళ్ళాం. గది శుభ్రంగానే ఉంది, కానీ అక్కణ్ణుంచి ఎటు నడుద్దామన్నా ఫుట్‌పాత్ లేదు. పొద్దున్నే ఖాళీ చేసి డౌన్‌టౌన్‌కి మారిపోయాం. అద్దె ఎక్కువే అయినా ఆ డబ్బుకి బాధ లేదు. ఇంత ఘాటు బీరు రుచి చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి గదికి నడిచి చేరగలగడమే అన్నిటికంటే ముఖ్యం.

ఫౌండర్స్ అనే బీరు తయారీ సంస్థ ట్యాప్‌రూమ్, అంటే వాళ్ళ బీరు అక్కడే కూర్చుని తాగే చోటు, స్టేషన్‌కి నడిచేంత దూరంలోనే ఉంది. 1997లో మొదలైన సంస్థ. వాళ్ళ కేబీఎస్, అంటే కెంటకీ బ్రేక్‌ఫాస్ట్ స్టౌట్, కాఫీ, చాక్లెట్ వేసి కాచి బర్బన్ పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు. ఊరి కింద జిప్సమ్ తవ్వేసిన పాత గనులున్నాయి. ఏడాది పొడుగునా చల్లగా ఉంటాయని పీపాల్ని అక్కడ దాస్తారు. అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే ఊరబెట్టాలి. ఒకసారి వాడిన పీపా మళ్ళీ బర్బన్‌కి పనికిరాదు. అవే బీరు కాచేవాళ్ళ చేతికి వస్తాయి. చెక్కలో ఇంకిన బర్బన్, కాలిన ఓక్‌లోని వెనిలా వాసన మెల్లగా స్టౌట్‌లోకి దిగుతాయి.

తలుపు దగ్గర వయసు రుజువు అడిగారు. ఇక్కడ 21 నిండాలి. మన డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే ఒప్పుకోలేదు, పాస్‌పోర్ట్ తీయాల్సి వచ్చింది. వెంట ఉంచుకోండి.

గ్లాసు చిన్నది, కింద కాడ, పైన తులిప్ పువ్వులా నోరు దగ్గరికి మూసుకున్నట్టు ఉంటుంది. మామూలు బీరులో ఆల్కహాల్ 5 శాతం ఉంటే ఇందులో దాదాపు 12 శాతం, కాబట్టి ఆ కొలత చాలు. లైటుకి ఎత్తి పట్టినా వెలుగు అటునుంచి ఇటు రాలేదు. గోధుమరంగు నురుగు పల్చగా లేచి అంచు చుట్టూ గీతలా మిగిలింది. వడ్డించినామె, "అరచేతుల్లో పట్టుకుని కాసేపు ఆగండి" అంది. ఆగకుండా ఒక గుక్క వేశాను. చిక్కటి డికాక్షన్ చేదు తప్ప ఏమీ తెలియలేదు. పావుగంట తర్వాత అదే గ్లాసులో ముందు చాక్లెట్, తర్వాత ముదురు పాకం వాసన, ఆ వెనక తడిసిన చెక్క. మింగాక గొంతులో మెల్లగా వేడి పాకింది. "అన్నయ్యా, ఇది ఇందాకటిదేనా?" అన్నాడు తమ్ముడు.

షికాగోలో ఒకచోట తాగింది దీనికి పూర్తిగా ఎదురు. కొబ్బరి, మేపుల్ సిరప్, వెనిలా అన్నీ కలిపిన డెజర్ట్ రకం స్టౌట్‌ని మంచులా చల్లబరిచి పెద్ద గ్లాసు నిండా పోశారు. సగం తాగేసరికి తీపి మొహం మొత్తింది, పీపా రుచి ఎక్కడా తగల్లేదు. తీపి వేయడం తప్పని అనను. కానీ తీపి కింద కాలిన గింజల చేదు నిలబడాలి, లేకపోతే అది సిరప్పే. దానికి తోడు గ్లాసు సగముండగానే బిల్లు తెచ్చి పెట్టారు. గ్రాండ్ రాపిడ్స్‌లో ఒక్క గ్లాసుతో గంటన్నర కూర్చున్నా ఎవరూ కదిలించలేదు. మధ్యలో మంచినీళ్ళు అడక్కుండానే నింపారు. 20 శాతం టిప్పు మనసారా ఇచ్చాను.

నాలుగు సీసాల ప్యాక్ ఒకటి కొని స్వెట్టర్లలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నాం. రెండు ఈ చలికాలానికి. మిగతా రెండూ చీకటి గూట్లో నిలబెట్టి ఉంచాను, వచ్చే ఏడు తమ్ముడు వచ్చాకే తీస్తాం.