పాత పెట్రోల్ కారు కొంటున్నారా? వేడి మీద ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి చూడందే డబ్బులివ్వకండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు సెకండ్‌హ్యాండ్ కార్లు అమ్మే కన్సల్టెన్సీల్లో పాత ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) పెట్రోల్ కార్లు చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పొద్దున్న ఒక్క సెల్ఫ్‌కే అందుకునే కారు, ఓ ఇరవై కిలోమీటర్లు నడిచి ఆగాక పావుగంటకి అసలు స్టార్ట్ కాకపోవచ్చు. ఈ లోపం అమ్మేవాడికి తెలిసే ఉంటుంది. కొనేవాడికి మాత్రం డబ్బులు చేతులు మారాకే తెలుస్తుంది. మాకు అదే జరిగింది.

మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, బస్సు ఎక్కలేరు. ఆసుపత్రికీ గుడికీ తిప్పడానికి చిన్న కారు ఉంటే చాలనుకుని, విజయనగరంలో ఒక కన్సల్టెన్సీలో 2006 మోడల్ హ్యాచ్‌బ్యాక్ చూశాం. ఏపీ 35 నంబరు, బాడీ శుభ్రంగా ఉంది, టైర్లు బాగున్నాయి. కన్సల్టెన్సీ అతను పొద్దున్నే రమ్మన్నాడు. వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉంది, తాళం తిప్పగానే స్టార్టయింది. నెల్లిమర్ల వైపు నడిపి తిరిగొచ్చాం. ఆపబోతుంటే, "ఆపకండి సార్, ఏసీ కూలింగ్ చూడండి, ఇంజిన్ సౌండ్ వినండి" అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ ఇంజిన్ నడుస్తూనే ఉంది. స్టీరింగ్ కింద ఒక చిన్న స్విచ్ కనిపిస్తే ఏమిటని అడిగాను. "దొంగల భయానికి పాత ఓనర్ పెట్టించుకున్నాడు సార్, ఇప్పుడు పనిచెయ్యదు, దాన్ని ముట్టుకోకండి" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, అసలు సంగతి అక్కడే ఉంది.

కొన్నాక ఒక ఆదివారం అరసవల్లి వెళ్లాం. దర్శనం చేసుకుని వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ గట్టిగానే తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. మిట్టమధ్యాహ్నం నాన్నగారిని ఒక కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి, ఎవరిని పిలవాలో తెలియక నిలబడ్డాం. గంట దాటాక ఏమీ చెయ్యకుండానే స్టార్టయింది. తిరుగు ప్రయాణంలో రణస్థలం దగ్గర టీకి ఆగితే మళ్లీ అదే కథ. కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే, "పాత ఇంజెక్షన్ బండ్లన్నీ ఎండకి అంతే సార్, కాసేపాగి స్టార్ట్ చేసుకోండి" అన్నాడు.

ఇది అబద్ధం. బాగున్న ఇంజిన్ రోజూ 90 డిగ్రీల చుట్టుపక్కల వేడిలోనే పనిచేస్తుంది. బయట ఎండ 40 ఉన్నంత మాత్రాన సరిగ్గా ఉన్న ఇంజెక్షన్ కారు స్టార్ట్ అవ్వడం మానదు. వేడి మీద స్టార్ట్ కాలేదంటే అందులో ఏదో ఒక భాగం చెడిందని అర్థం.

ఇంజిన్ నడుస్తున్నంతసేపూ నీళ్లు తిరుగుతాయి, ఫ్యాన్ గాలి తగులుతుంది, పెట్రోల్ కదులుతూ ఉంటుంది. ఆపగానే ఇవన్నీ ఆగిపోతాయి. ఇంజిన్‌లో నిలవున్న వేడి పైకి వచ్చి బోనెట్ కింద పరుచుకుంటుంది. అందుకే ఆపిన పది నిమిషాల నుంచి అరగంట వరకూ అక్కడి పైపులు, సెన్సర్లు, ఇంజెక్టర్లు నడుస్తున్నప్పటికంటే ఎక్కువ వేడెక్కుతాయి. ఆపిన వెంటనే స్టార్ట్ చేస్తే అందుకుంటుంది, పూర్తిగా చల్లారాక అందుకుంటుంది, ఈ మధ్యలోనే మొండికేస్తుంది. కొనేవాళ్లు పట్టుకోవలసిన సమయం ఇదే.

ఇలాంటి కార్లలో ట్యాంకులోని పంపు పెట్రోల్‌ని ఇంజెక్టర్ల దాకా సుమారు 3 బార్ ఒత్తిడితో పంపుతుంది. ఇంజిన్ ఆపాక కూడా ఆ ఒత్తిడి వెంటనే పడిపోకుండా పంపులో ఒక చిన్న వాల్వ్ కాపాడుతుంది. ఒత్తిడి ఉన్నంతసేపూ వేడి తగిలినా పెట్రోల్ ద్రవంగానే ఉంటుంది. ఆ వాల్వ్ అరిగినా, ఒత్తిడిని అదుపులో ఉంచే ప్రెషర్ రెగ్యులేటర్ లీకైనా ఒత్తిడి జారిపోయి, పైపులో పెట్రోల్ మరిగి ఆవిరవుతుంది. తాళం ఆన్ చేస్తే పంపు రెండు మూడు సెకన్లే తిరిగి ఆగుతుంది, ఆ కాస్త సమయం ఆ ఆవిరిని నెట్టేయడానికి చాలదు. సెల్ఫ్ కొడుతున్నా ఇంజెక్టర్లకి అందేది ఆవిరే.

మా కారులో చెడింది ఆ వాల్వే. కానీ అది తెలిసేలోపు ఒక షెడ్డులో ప్లగ్గులు మార్చారు, ఇంకోచోట బ్యాటరీ మార్చారు, మూడోచోట ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోయిందని చెప్పి మా గుండె ఆగేంత రేటు చెప్పారు. ఎవరూ ప్రెషర్ గేజ్ పెట్టి చూడలేదు. చివరికి ఒక పెద్దాయన, షెడ్డు చిన్నదే, ముందు కారుని బాగా తిప్పి వేడెక్కించి, గేజ్ పెట్టి ఆపి కూర్చున్నారు. "చూడు బాబూ, ముల్లు దిగిపోతోంది" అన్నారు. మా కళ్లముందే ముల్లు సున్నా దగ్గరికి వచ్చేసింది. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది అందుకే. వస్తువు మార్చకముందే లోపం చూపించారు.

తర్వాత ఆయన ఆ స్విచ్ వైరు వెంట పోయారు. అది దొంగల కోసం పెట్టింది కానే కాదు. బ్యాటరీ నుంచి తిన్నగా పెట్రోల్ పంపుకి వెళ్తోంది. స్విచ్ వేసి కాసేపు పంపు తిరగనిస్తే ఆవిరి, ట్యాంకుకి తిరిగి వెళ్లే రిటర్న్ పైపులోంచి వెళ్లిపోయి, వేడి మీద కూడా ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది. అంటే మాకంటే ముందు ఈ లోపాన్ని ఎవరో కనిపెట్టి, పంపు మార్చకుండా ఈ దారి వేశారు. స్విచ్‌ని ముట్టుకోవద్దని అతను ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది. నాకు అసలు కోపం తెప్పించింది పంపు పోవడం కాదు, ఈ వైరు. మామూలుగా ఇంజిన్ ఆగిపోతే ఈసీఎం పంపుని ఆపేస్తుంది. ఇలా నేరుగా వైరు వేస్తే, ఆ స్విచ్ ఆన్‌లో ఉండిపోయినప్పుడు యాక్సిడెంటై పైపు తెగినా పంపు పెట్రోల్ చిమ్ముతూనే ఉంటుంది. అలాంటి కారులో ముసలాయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని హైవే మీద తిరిగాం.

మీరు చూసే కారులో కారణం వేరే కావచ్చు. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది ఎలా ప్రవర్తిస్తుందో గమనిస్తే చాలావరకు తెలుస్తుంది. తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి, ఆఫ్ చేసి, ఇలా మూడు నాలుగు సార్లు చేశాక స్టార్టయితే అది ఒత్తిడి జారే కేసు, మాలాంటిదే. పెట్రోల్ వాసన గుప్పున కొడుతూ, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే నల్లపొగతో అందుకుంటే, పెట్రోల్ ఎక్కువ పడుతోందన్నమాట. చాలా ఇంజెక్షన్ కార్లలో యాక్సిలరేటర్ మొత్తం తొక్కి ఉంచితే స్టార్టింగ్‌లో ఈసీఎం పెట్రోల్ ఆపుతుంది, అందుకే ఆ చిట్కా పనిచేస్తుంది. ఇంజెక్టర్ కారుతున్నా, ఇంజిన్ నీళ్ల వేడి కొలిచే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ పోయినా ఇలాగే ఉంటుంది. ఈ సెన్సర్ రెసిస్టెన్స్ 20 డిగ్రీల దగ్గర సాధారణంగా రెండు మూడు వేల ఓమ్‌లు, 80 డిగ్రీలకి 300 దరిదాపులకి దిగాలి. దిగకపోతే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని ఈసీఎం పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. సెన్సర్ చవకే, ముందు దాన్ని మీటరుతో చూపించమనండి.

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా పెట్రోల్ వాసనే లేదు, స్పార్కూ లేదు అంటే, ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎంకి చెప్పే క్రాంక్ సెన్సర్‌ని అనుమానించాలి. పాతబడ్డ సెన్సర్ లోపలి చుట్ట వేడికి తెగినట్టయి, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది. మెకానిక్ దాని మీద చల్లటి తడిగుడ్డ వేసి చూస్తే కారు స్టార్టవుతుంది, అదే రుజువు. పాత హోండాల్లో మెయిన్ రిలే (పంపుకి కరెంటు అందించే స్విచ్ లాంటిది) లోపల టంకం చీలి, క్యాబిన్ వేడెక్కినప్పుడు పంపుకి కరెంటు అందకపోవడం బాగా తెలిసిన జబ్బు. ఇక సెల్ఫే ఈడ్చుకుంటూ తిరుగుతుంటే పెట్రోల్ జోలికి పోనక్కర్లేదు. వేడెక్కిన స్టార్టర్ మోటారు, ఎర్త్ వైరు, బ్యాటరీ టెర్మినళ్లు చూడాలి.

పాత కారుకి ఫోన్‌కి కలిపే చిన్న స్కానర్ పెట్టి "ఎర్రర్లు లేవు" అని చూపిస్తారు. దాన్ని నమ్మకండి. మన దేశంలో ఓబీడీ-2 (ఇలాంటి స్కానర్లు చదవగలిగే, కారు తన లోపాలు తనే నమోదు చేసుకునే పద్ధతి) తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందు కార్లలో చాలావాటికి కంపెనీ స్కానరే కావాలి. పైగా పంపు వాల్వ్ లీకైతే ఏ కోడూ రాదు.

కాబట్టి కొనేముందు ఇలా చెయ్యండి. ఎండ ఉన్న వేళ వెళ్లండి. అరగంటైనా నడపండి, కొంత ట్రాఫిక్‌లో కూడా. విజయనగరంలో అయితే మయూరి జంక్షన్, గంటస్తంభం వైపు ఒక చుట్టు వేస్తే సరిపోతుంది. శ్రీకాకుళంలో అయితే ఏడు రోడ్ల జంక్షన్, డే అండ్ నైట్ జంక్షన్ మీదుగా తిప్పండి. తర్వాత ఇంజిన్ ఆపేసి, తాళం మీ జేబులో వేసుకుని, బోనెట్ తెరవకుండా ఇరవై నిమిషాలు కూర్చోండి. ఆ తర్వాత మీరే స్టార్ట్ చెయ్యండి. పక్కన కూర్చున్నవాళ్లు ఏ స్విచ్చూ వెయ్యకుండా చూసుకోండి. ఆపొద్దని, బ్యాటరీ వీకని, ఇంకో పార్టీ వస్తున్నారని తొందరపెడితే అక్కడితో లేచి వచ్చేయండి. డాష్‌బోర్డ్ కింద టేపు చుట్టిన కొత్త వైర్లు, అదనపు రిలేలు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. పెట్రోల్ ముల్లు ఎప్పుడూ రిజర్వులోనే ఉంటే అది కూడా మంచి లక్షణం కాదు. ట్యాంకులోని పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే.

కాగితాల విషయం. 15 ఏళ్లు దాటిన సొంత కారుకి ఫిట్‌నెస్ అయ్యి ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో చూడండి. పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వచ్చిన ఒడిశా నంబరైతే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకుండా పైసా ఇవ్వొద్దు. 2023 ఏప్రిల్ నుంచి సెకండ్‌హ్యాండ్ డీలర్లకి రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ ఉండాలన్న రూల్ వచ్చింది, అది చూపించమని అడగండి. అగ్రిమెంట్‌లో "ఉన్నది ఉన్నట్టు" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టించుకోవాలని చూస్తారు. దాని పక్కన "వేడి మీద స్టార్టింగ్ సమస్య లేదని అమ్మకందారు చెప్పారు" అని కూడా రాయించండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోకండి. డీలర్ దగ్గర కొన్నదైతే 2 ఏళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. మేం పంపు మార్పించి, ఆ వైరు పీకించేశాం. కానీ పీకేముందు బ్యాటరీ నుంచి పంపు దాకా ఫోటోలు తీసి, గేజ్ ముల్లు దిగడం వీడియో తీసి, మెకానిక్ గారి చేత బిల్లు మీద కారణం రాయించుకున్నాం. ఫిర్యాదుతో పాటు అవన్నీ పెడుతున్నాం. మీ కారులో అలాంటి వైరు కనబడితే మీరూ ముందు ఫోటోలు తీసుకుని, ఆ తర్వాతే కోయించండి.