తొట్టిలో లైనర్ ఉన్న పికప్‌కి ట్రైలర్ బాల్: ఎక్కడ బిగిస్తే మేలు?

మా బావ గుంటూరులో జనరేటర్లు అద్దెకిస్తాడు. పెళ్లిళ్ల రోజుల్లో జనరేటర్ ట్రైలర్ లాగడానికి పికప్ తొట్టిలోనే, వెనక ఇరుసుకి పైన, బాల్ (ట్రైలర్ దూలం కొసని తగిలించే ఇనుప గుండు) పెట్టించాడు. ట్రైలర్‌కి కొంగమెడలా వంచిన దూలం చేయించాడు. తొట్టిలో అప్పటికే నల్ల ప్లాస్టిక్ లైనర్ (రేకు పాడవకుండా పరిచే తొడుగు) ఉంది. బిగించినవాళ్లు దాన్ని తీయకుండా, దానిమీదే ప్లేటు పెట్టి బెజ్జాలు వేసి బోల్టులు బిగించారు. నెల తిరక్కముందే గతుకు వచ్చినప్పుడల్లా టక్కుమని చప్పుడు. విప్పుదామని చూస్తే నాలుగు బోల్టుల్లో రెండు చేత్తోనే తిరిగాయి. ఆ స్థితిలో వెయ్యి కిలోలకు పైగా బరువుతో హైవే మీద తిరిగాడని తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షనే.

తప్పు బోల్టులది కాదు. బోల్టు పట్టు నిలవాలంటే ఇనుముని ఇనుము నొక్కాలి. మధ్యలో ప్లాస్టిక్ ఉంటే ఆ ఒత్తిడికి అది మెల్లగా అణిగి పలచబడుతుంది, పట్టు జారిపోతుంది. దీనికి మన ఎండ తోడవుతుంది. లైనర్లకు వాడే పాలిథిన్ రకం ప్లాస్టిక్ వేడికి ఇనుము కన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ సాగుతుంది. ఐదడుగుల లైనర్ 30 డిగ్రీల వేడి పెరిగితే అయిదారు మిల్లీమీటర్లు సాగుతుంది, కింద ఉన్న రేకు అర మిల్లీమీటరే. పగలు సాగడం, రాత్రి ముడుచుకోవడం. రోజూ ఇదే జరుగుతుంటే ఏ బోల్టు వదులవదు?

కాబట్టి లైనర్ మీదే బిగించడం అనేది నా లెక్కలో ఒక పద్ధతే కాదు. మిగిలిన దారులు మూడు.

మొదటిది, ప్లేటు కూర్చునే మేర లైనర్‌ని కోసేయడం. ఖర్చు దాదాపు ఉండదు. అయితే కోసిన అంచు ప్లేటుకి తగలకుండా చుట్టూ వేలెడు ఖాళీ వదలాలి. ఆ ఖాళీలోంచి నీళ్లు, మట్టి లైనర్ కిందికి చేరతాయి. ఖాళీ రోజుల్లో మా బావ మిర్చి యార్డుకి మిరప టిక్కీలు (బస్తాలు) వేస్తాడు. లైనర్ ఎత్తి చూసినప్పుడు కింద తడిసి ముద్దయిన మిరప గింజలు, దుమ్ము, వాటికింద తుప్పు మచ్చలు కనిపించాయి. కోసిన లైనర్‌ని మూడు నెలలకోసారైనా ఎత్తి కడగాలి. అంత ఓపిక ఎంతమందికి ఉంటుంది?

రెండోది, లైనర్ తీసేసి స్ప్రే కోటింగ్ వేయించడం. ఇది రేకుని అంటుకుని ఉంటుంది, దాదాపు మూడు మిల్లీమీటర్ల మందం, కిందికి నీళ్లు పోవు, సరుకు జారదు. పాత మెరుపంతా గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేయకుండా వేస్తే మాత్రం పొరలు పొరలుగా లేస్తుంది. బాల్ తొట్టిలోనే ఉండాలనుకుంటే నా ఓటు దీనికే. ముందు బెజ్జాలు వేయించి, తర్వాత కోటింగ్ వేయించండి. అలా అయితే బెజ్జాల అంచులకీ పెయింటు రక్షణ దొరుకుతుంది. ప్లేటు కూర్చునే చోట కోటింగ్ పడకుండా మాస్కింగ్ టేపు వేసి, అక్కడ ప్రైమర్, పెయింట్ సరిపెట్టుకోవాలి. డ్రిల్లు పట్టేముందు కిందికి దూరి డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపు, వైర్లు ఎక్కడున్నాయో చూడాలి. బోల్టులు రేకుని మాత్రమే పట్టుకుంటే లాభం లేదు, కింద ఛాసిస్‌కి కట్టిన బ్రాకెట్లకు పడాలి.

మూడోది, తొట్టి జోలికే పోకుండా బంపర్ కింద ఛాసిస్‌కి బాల్ బిగించడం. లైనర్ గొడవే ఉండదు, తొట్టి మొత్తం సరుకుకి మిగులుతుంది. మన దగ్గర దొరికే చిన్న ట్రైలర్లు చాలావరకు దీనికి సరిపోయేలాగే ఉంటాయి.

బరువు లెక్క చూద్దాం. ట్రైలర్ మొత్తం 1,400 కిలోలు అనుకుంటే, బంపర్ కింది బాల్ మీద పదో వంతు నుంచి పదిహేను శాతం, అంటే 140 నుంచి 210 కిలోలు పడాలి. అంతకన్నా తగ్గితే ట్రైలర్ తోక ఊపుతుంది. ఆ బరువు ఇరుసుకి వెనకాల పడుతుంది కాబట్టి ముందు చక్రాలు కొంచెం తేలికవుతాయి. తొట్టిలో బాల్ అయితే దాదాపు ఇరవై శాతం, 280 కిలోలు, నేరుగా ఇరుసు మీదే పడతాయి. బండి ఎక్కువ నిలకడగా ఉంటుంది. కనకదుర్గ వారధి మీద కృష్ణ గాలి పక్కనుంచి కొట్టినప్పుడు ఆ తేడా డ్రైవర్ చేతికి తెలుస్తుంది. కానీ మలుపుల్లో కొంగమెడ ట్రైలర్ చక్రాలు ఎక్కువ లోపలికి కోసుకుంటూ వస్తాయి. విజయవాడ వన్‌టౌన్ సందుల్లో అరుగులు, డ్రైనేజీ మూతలు జాగ్రత్త.

ఇంత బరువుకి నన్నడిగితే మూడోదే మేలు. బరువు ఇంకా పెరిగి, రోజూ హైవే మీదే పని ఉంటే రెండోది. ఏది ఎంచుకున్నా బండి మాన్యువల్లో లాగే బరువుకి, బాల్ మీద పడే బరువుకి ఇచ్చిన హద్దులు దాటకూడదు. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి.

"కొంగమెడ చేయించిన డబ్బులు పోయినట్టేనా?" అన్నాడు బావ. పోయినట్టే అన్నాను. దూలం మార్పించి ఛాసిస్‌కి బిగించాం. పాత బెజ్జాలకు రేకు ముక్కలు వెల్డింగ్ చేయించి, పెయింట్ వేసి, లైనర్‌ని మళ్లీ పరిచాం. కొత్త బోల్టులు 8.8 గ్రేడువి (గట్టి రకం), టార్క్ రెంచ్‌తోనే (బిగింపు ఎంతో కొలిచే పానా) బిగించారు. మొదటి 80 కిలోమీటర్ల లోపు మళ్లీ చూడాలి కాబట్టి, ఆ సాయంత్రమే ట్రైలర్ తగిలించి విజయవాడ వెళ్లి వచ్చాం. ఇంటిముందు ఆపి రెంచ్ పెడితే ఒక బోల్టు పావు తిప్పు తిరిగి బిగిసింది, మిగతావి కదల్లేదు.