పారిస్‌లో బస ఎక్కడ? సాన్ లజార్ స్టేషన్ పక్కన

పారిస్ అనగానే అందరూ ఈఫిల్ టవర్ కనిపించే హోటల్ వెతుకుతారు. ఇంప్రెషనిస్టుల (పందొమ్మిదో శతాబ్దంలో వెలుగునూ రోజువారీ బతుకునూ బొమ్మలేసిన ఫ్రెంచి చిత్రకారులు) బొమ్మల కోసం వెళ్లేవాళ్లు మాత్రం సాన్ లజార్ రైల్వే స్టేషన్ దగ్గర బస చేస్తే మంచిది. మేం దిగిన హోటల్ గొప్పదేం కాదు. గది ఇరుకు, లిఫ్టులో సూట్‌కేసు పెడితే మనిషికి చోటుండదు, వేడినీళ్ల కోసం పదేపదే అడగాల్సి వచ్చింది. అయినా మళ్లీ వెళ్తే ఆ పేటలోనే ఉంటాను.

ఆ చిత్రకారుల్లో ఒకడైన మోనే 1877లో ఈ స్టేషన్‌నే వరసగా బొమ్మలు వేశాడు. అందులో ఒకటి ఓర్సే మ్యూజియంలో ఉంది. గాజు కప్పు కింద నీలిరంగు పొగ, దాని వెనక నగరాన్ని తిరగకట్టించిన అధికారి హౌస్‌మన్ పాత ఇళ్లు పడగొట్టించాక లేచిన కొత్త మేడలు. పొద్దున ప్లాట్‌ఫారం మీంచి ఆ కప్పును చూసి వెళ్తే బొమ్మ ఇంకా బాగా అర్థమవుతుంది.

ఓర్సే కూడా 1900లో కట్టిన రైల్వే స్టేషనే. సోమవారం సెలవు. గురువారం రాత్రి 9.45 దాకా తెరిచి ఉంటుంది, జనం పలచబడే ఆ వేళే మేలు. అక్కడ కైబోత్ అనే ఇంప్రెషనిస్టు 1875లో వేసిన బొమ్మ తప్పక చూడండి. చొక్కాల్లేని ముగ్గురు కూలీలు మోకాళ్ల మీద వంగి చెక్క నేలను చిత్రిక పడుతుంటారు. పక్కనే ఉంగరాలు తిరిగిన చెక్క పొరలు, వీపుల మీద కిటికీ వెలుగు. సలోన్ (అప్పటి అధికారిక చిత్ర ప్రదర్శన) వాళ్లు దీన్ని వద్దన్నారు. పరిగె ఏరుకునే పల్లె ఆడవాళ్లను మిల్లే అనే చిత్రకారుడు వేస్తే 1857లో ఆ సలోన్‌లోనే పెట్టారు. పట్నం కూలీకి మాత్రం చోటు దొరకలేదు. కొత్త పారిస్ సొగసు వెనక ఎవరి ఒళ్లు అరిగిందో ఈ బొమ్మంత సూటిగా మరేదీ నాకు చెప్పలేదు. ఇంకో చిత్రకారుడు దెగా వేసిన ఇస్త్రీ ఆడవాళ్లూ అక్కడే ఉన్నారు. ఒకామె రెండు చేతులతో పెట్టెను అదుముతుంటే, ఇంకొకామె సీసా పట్టుకుని ఆవలిస్తుంటుంది.

భోజనానికి పారిస్‌లోనే లా షాపెల్ అనే పేటకు వెళ్లాం. శ్రీలంక తమిళుల హోటళ్లలో దోసె, సాంబారు దొరుకుతాయి, ధరలూ అందుబాటులోనే ఉంటాయి.

ఇక ఊరి బయటి సంగతి. 1841లో వెంట తీసుకెళ్లగలిగే రంగుల ట్యూబు వచ్చింది, రైళ్లూ పెరిగాయి. దాంతో చిత్రకారులు ఏటి ఒడ్డుకు సులువుగా వెళ్లి బొమ్మలేసుకోగలిగారు. మోనే కాపురమున్న ఏటి ఒడ్డు ఊరు అర్జాంతోయ్‌లో ఇప్పుడు ఒడ్డు పొడవునా ట్రాఫిక్ హోరే, నాకు నచ్చలేదు. జివెర్నీలో మోనే పెంచిన తోట బాగుంటుంది గానీ రద్దీ ఎక్కువ, నవంబరు మొదట్లో మూసేస్తారు. ఒక్క పూటే ఉంటే ఆర్‌ఈఆర్ (శివారు రైలు) ఏ లైన్లో ఏటి ఒడ్డునున్న షాతూ వెళ్లండి. పట్నం జనం సెలవుపూట పడవ షికారుకొచ్చి భోంచేస్తుంటే మరో ఇంప్రెషనిస్టు రెన్వార్ బొమ్మ వేసిన ఫూర్నేజ్ హోటల్ బాల్కనీ ఇప్పటికీ అక్కడుంది.