వాతావరణ నివేదికల సలహా సేవ: ఒక చిన్న పరిశ్రమ అనుభవం

మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి తమ పర్యావరణ, సామాజిక బాధ్యతల వివరాలు తెలిపే బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిర్దేశించిన తరువాత, వాటికి సరుకు అందించే మా జీడిమెట్ల రసాయనాల యూనిట్‌ను కూడా కర్బన ఉద్గారాల లెక్కలు అడగడం మొదలైంది. అందుకోసం హైదరాబాద్‌లోని ఒక సలహా సంస్థ సేవలు తీసుకున్నాము.

వారి పనిలో నేను అన్నిటికన్నా మెచ్చుకునేది లెక్కల సేకరణ. బాయిలర్ బొగ్గు కొనుగోలు బిల్లులను, జనరేటర్ డీజిల్ రిజిస్టరును స్కోప్ 1 (మా యూనిట్ నుంచి నేరుగా వెలువడే ఉద్గారాలు) కిందకు తెచ్చి, కరెంటు యూనిట్లను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకటించే ఉద్గార గుణకంతో (యూనిట్ కరెంటుకు ఎంత ఉద్గారమో చెప్పే అంకెతో) హెచ్చించి స్కోప్ 2 (కొన్న కరెంటు తయారీలో వెలువడేవి) తేల్చారు. ఏ అంకె ఏ కాగితం నుంచి వచ్చిందో పక్కనే రాసినందువల్ల, ఆడిటర్ అడిగినప్పుడు మా అకౌంట్స్ సిబ్బందే జవాబు చెప్పగలిగారు. సోలార్ ఫలకాల కన్నా ముందు ఆవిరి లీకులు అరికట్టి, ఆవిరి చల్లబడి ఏర్పడే కండెన్సేట్ నీటిని తిరిగి బాయిలర్‌కు పంపమన్న సలహా ఎంతో విలువైనది.

స్కోప్ 3 (సరఫరాదారుల వంటి బయటివారి దగ్గర మా సరుకు కోసం వెలువడే ఉద్గారాలు) మాత్రం బలహీనంగా ఉంది. సాల్వెంట్ల (రసాయనాలను కరిగించే ద్రవాల) సరఫరాదారులను అడగకుండా, కొనుగోలు ఖర్చును సగటు గుణకాలతో హెచ్చించి ముగించారు. ఈ సేవ తీసుకోదలచిన వారు సరఫరాదారుల వివరాల సేకరణను కూడా ఒప్పందంలోనే రాయించుకోవాలి.